వెంట్రుకంత చార

మోసీ టూహీ చిత్రిక ఆపి, హర్లింగ్ ఆటకి చెక్కిన హర్లీ కర్రని గోరుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ తట్టాడు. మొద్దుగా పలికింది.

డెబ్బై ఒక్క ఏళ్లు. ఎడమచేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి, మిగతా సగం రంపం తిన్నది. కనుబొమల నిండా రంపప్పొట్టు. యాభై ఏళ్లుగా ఈ రేకుల షెడ్డులోనే. ఆడినవాళ్ల ఫోటోలు ఊళ్లో ప్రతి పబ్బు గోడ మీదా ఉన్నాయి. కర్ర చెక్కినవాడిది ఒక్కటి లేదు. సిగ్గుండాలి మాకు.

అరవై రెండేళ్లకి మా కౌంటీ జట్టు ఫైనల్‌కి వచ్చింది. రేపే డబ్లిన్‌లో ఆట. ఫౌల్‌కి దొరికే ఫ్రీ దెబ్బలు కొట్టే ఫీక్రా కర్ర గురువారం ప్రాక్టీసులో విరిగింది. అచ్చం అలాంటిదే కావాలన్నాడు. కర్ర అడుగు వంపు యాష్ చెట్టు వేరు మొదట్లోంచి రావాలి, చెక్క నార కూడా దానితోపాటే వంగాలి. తెగులొచ్చి ఆ చెట్లన్నీ చస్తున్నాయి. మోసీ ఐదేళ్లు మొత్తుకున్నాడు. ఆట సంఘం పెద్దలు తలలూపి భోజనాలకి లేచారు. చివరికి మిగిలిన చెక్క ఇదొక్కటే. దీని మెడ దగ్గర వెంట్రుకంత నల్ల చార.

బయట జట్టు బస్సు హారన్ కొడుతోంది. ఫీక్రా లోపలికి దూసుకొచ్చాడు.

"అయిందా మోసీ? మా అమ్మ చర్చిలో నీ పేరు మీద కూడా కొవ్వొత్తి పెట్టింది."

"ఆ కొవ్వొత్తి నీకే పెట్టమను. పశువుల్ని అదిలిస్తున్నట్టు ఊపుతావు కర్రని."

ఫీక్రా కర్ర అందుకుని మణికట్టు తిప్పి చూశాడు. మొహం వెలిగింది. "అబ్బ! పాతదాని తాత ఇది."

"ఒరే, ఆ చార చూడు. ఇది ఫ్రీలకే. ఆటగాళ్ల గుంపులోకి దిగేముందు పక్కన పారేసి వేరేది అందుకో. ఒట్టెయ్యి."

"మా అమ్మ మీదొట్టు."

"అమ్మనొదిలెయ్. పళ్ల మీద వెయ్యి."

"సరే, మిగిలిన పళ్లన్నిటి మీదా ఒట్టు!"

బస్సు పోయింది. ఇవ్వకుండా ఉండాల్సిందా? టీ చల్లారిపోయింది. చెల్లెలు డిలియా కసిరింది: "పగలకుండా ఇనపపట్టీ కర్రకి కాదు, నీ బుర్రకి కొట్టాలి."

ఆదివారం ఆమె ఇంట్లో టీవీ ముందు, ఆయన షెడ్డులో రేడియో ముందు. ఇంకా పది నిమిషాలు, స్కోరు సమానం. ఫ్రీ కొట్టిన ఊపులో ఫీక్రా ఆ కర్రతోనే గుంపులోకి దూకాడు. అది టప్‌మని విరిగింది. రేడియోలో లోకమంతా అరిచింది. ఆఖరి నిమిషంలో వాడు అరువు కర్రతో కొట్టిన బంతి గోలు అడ్డకర్ర మీదుగా ఎగిరి పాయింటు తెచ్చింది. ఒక్క పాయింటుతో గెలిచాం.

డిలియా ఏడుస్తూ, నవ్వుతూ షెడ్డులోకి పరిగెత్తింది. "అన్నా, గెలిచాం!"

మోసీ బల్ల మీదికి ఒరిగి ఉన్నాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. గెలుపు విన్నాడో లేదో ఎవరూ చెప్పలేరు. విరగడం మాత్రం విన్నాడు. చెంప కింద, గోడ అర నుంచి అప్పుడే ఊడబీకిన చెక్క పలక. దాని మీద కొత్త కర్రకి గీసిన పెన్సిల్ గీత, వంపు దాకా వచ్చి ఆగింది.