టింగుమనే తలుపు

"చెత్త పడేసి రావడానికి అరగంటా?"

భర్త నవ్వుతూనే అడిగాడు. కూర వడ్డిస్తున్న ఆమె చెయ్యి గరిటెతో సహా ఆగిపోయింది. ఈయనకెలా తెలిసింది? ఆ వెంటనే, తెలియకూడని పని తనేం చేసిందా అని కూడా అనుకుంది. 

చెప్పింది తలుపు. పోయిన వారమే బిల్డింగ్‌లో తలుపులు తీసే కార్డులన్నీ వెనక్కి తీసుకుని, ఫోన్‌తో తెరుచుకునే తాళాలు పెట్టారు. పాత కార్డు తలుపు పక్కన మేకుకి వేలాడుతుండేది. పాప కొరికి కొరికి దాని మూలలు అరిగిపోయాయి. ఎవరు పట్టుకెళ్ళినా తలుపు తీసేది, ఎవరితోనూ ఏమీ చెప్పేది కాదు. నోరులేని కార్డు! కొత్త తాళానికి ఇద్దరి ఫోన్లూ భర్తే కలిపాడు. యజమాని అన్నచోట తన నంబరు పెట్టుకున్నాడు. "లోపల్నుంచి తీసినా, బయట్నుంచి తీసినా నా జేబులో టింగుమంటుంది. ఎంత సేఫ్టీయో చూడు" అన్నాడు కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా. "మంచిదేలేరా, నాకెలాగూ చూపానట్లేదు. తలుపుకైనా కోడలి మీద ఓ కన్నుండనీ" అంది అత్తగారు. ముగ్గురూ నవ్వారు. తనెందుకు నవ్విందో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం పాపా, పాప పక్కన అత్తగారూ కునుకు తీశాక ఆమె కిందికి దిగుతుంది. బిల్డింగ్ వెనక మోటారు గది పక్కన ఓ సిమెంటు బెంచీ ఉంది. దానిమీద కూర్చుంటుంది. అంతే. అక్కడ "అమ్మా" అనీ, "అమ్మాయ్" అనీ, "ఏమేవ్" అనీ పిలిచేవాళ్ళుండరు. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావ్?" అని భర్త అడిగినప్పుడల్లా చెప్పబోయి మధ్యలోనే తడబడుతుంది. తోమిన గిన్నెలు మళ్ళీ సింకులోనే ఉంటాయి, మడతపెట్టిన బట్టలు మళ్ళీ బకెట్లోనే ఉంటాయి. చేసిన పనికి సాక్ష్యం మిగలదు. ఊరికే కూర్చున్నదానికి మాత్రం ఫోన్లో సాక్ష్యం! మరి కూర్చోవడం తప్పా? తప్పు కాకపోతే అత్తగారితో చెత్త అని అబద్ధం ఎందుకాడింది? చదువు మధ్యలో మానిపించారు కాబట్టి తనకి తెలియట్లేదా, చదువుకున్నవాళ్ళకైతే ఇది ప్రేమో కాపలానో చిటికెలో తెలిసిపోతుందా?

మర్నాడు ఓ ఉపాయం తట్టింది. వెళ్ళేటప్పుడు ఒక టింగు ఎలాగూ తప్పదు. తిరిగొచ్చేటప్పుడు రెండోది మోగకపోతే, ఎంతసేపు పోయిందో ఎవరికి తెలుస్తుంది? తలుపు సందులో పాప చెప్పు అడ్డం పెట్టి కిందికి దిగింది.

మూసుకోని తలుపు గోల పెడుతుందని ఆమెకి తెలియదు. బెంచీ మీద కూర్చుందో లేదో, పైనుంచి కీ కీమని ఒకటే రొద. వాచ్‌మన్ మెట్లెక్కి పరుగెత్తాడు. వెనకే ఆమె. గుమ్మంలో అత్తగారు, ఏడుస్తున్న పాపని చంకనేసుకుని, "ఎవరు జొరబడ్డారోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను తల్లీ!" అంది. వాచ్‌మన్ ఆ బుల్లి చెప్పు పైకెత్తి పట్టుకుని, "దొంగలెవరూ లేరు సార్, పాప చెప్పు అడ్డంపడింది" అని అప్పటికే ఫోన్ చేసిన ఆమె భర్తకి చెప్పి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"ఎక్కడికి పోయావ్?" అవతల్నుంచి భర్త గాభరాగా అడిగాడు. "పాప లేచి బయటికొచ్చేసి, మెట్లమీంచి పడుంటే?"

ఆమె మెట్లకేసి చూసింది. నిజమే. ఒక్క టింగు దాచుకోవడానికి పాపకి మెట్లదారి తెరిచిపెట్టింది. దాచేంత తప్పు ఏం చేసిందని?

మర్నాడు మధ్యాహ్నం పాప నిద్రపోగానే, కునుకు పడుతున్న అత్తగారిని తట్టింది.

"అత్తయ్యా, పాపని చూస్తుండండి. కిందికెళ్తున్నాను."

"చెత్త పొద్దున్నే పడేశావుగా?"

"చెత్తకి కాదు."

తలుపు బిగించి, ఒకసారి లాగి చూసుకుంది. ఎక్కడో భర్త జేబులో టింగుమనే ఉంటుంది. బెంచీ దగ్గరికి చేరేసరికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?"

"కింద, బెంచీ మీద."

"ఏం చేస్తున్నావక్కడ?"

ఆమె తన చేతులు చూసుకుంది. గిన్నె లేదు, గుడ్డ లేదు, పాప లేదు. ఎందుకొచ్చిందో ఇవాళా సరిగ్గా తెలియలేదు.

"ఏమీ చెయ్యట్లేదండీ" అంది. "ఇంకో అరగంట దాకా ఏమీ చెయ్యను."