వరస చివరి కుర్చీ

నెడ్రా ఇస్త్రీ బల్ల మీద చొక్కా కాలరు తిప్పి పరిచింది. దోషా కాదా అని తేల్చే జ్యూరీలో కూర్చోమని కోర్టు పిలిచినా సరే, పొద్దుటి పని సగమైనా చేసి వెళ్లకపోతే లాండ్రీ యజమాని మొహం గంటు పెట్టుకుంటాడు. ఇదేం న్యాయమని ఆమె అడగలేదు. అడగడం ఆమెకు అలవాటు లేదు. మొగుడు ఇల్లు వదిలి పోయిన రోజున కూడా, ఎక్కడికని అడక్కుండా అతని బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దిన మనిషి.

అలాంటి నెడ్రాకి ఆ రోజు కోర్టులో ఒక ప్రశ్న పుట్టింది. పనిలోంచి తీసేశారన్న కోపంతో టోబిన్ అనేవాడు తను పనిచేసిన దాణా కొట్టునే తగలబెట్టాడని కేసు. "తలుపు పగలగొట్టలేదు. తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి వాడిది," అన్నాడు సాక్షి, కొట్టు యజమాని హార్లన్. తీసేసిన రోజునే ఆ తాళంచెవి తిరిగి తీసుకోలేదా? వకీళ్లిద్దరూ ఆ ఊసే ఎత్తలేదు.

ఇండియానా రాష్ట్రంలో జ్యూరీవాళ్లు సాక్షిని అడగొచ్చు, కాని నోటితో కాదు. పేరు లేకుండా చీటీ రాసి పంపాలి. సరే అనుకుంటే జడ్జి చదువుతాడు. చదవకపోతే ఎందుకని ఆలోచించవద్దని మొదటి రోజే చెప్పాడు. నెడ్రా రాసి పక్కకు అందించింది. చీటీలన్నీ చేతులు మారి చివరి కుర్చీలో ఉన్న ఓపల్ దగ్గరికి చేరాయి. ఓపల్ ఆమె పొరుగింటి స్నేహితురాలే. వాటిని బంట్రోతుకి ఇవ్వాల్సింది ఓపలే.

జడ్జి రెండు చీటీలు చదివాడు. నెడ్రాది చదవలేదు. తెలివితక్కువ ప్రశ్న కాబోలనుకుని సిగ్గుపడింది. లోపలి గదిలో జ్యూరీవాళ్లందరూ టోబిన్ దోషి అంటుంటే, అందరికన్నా ఆఖరున తనూ చెయ్యెత్తింది. టోబిన్‌ని పక్క తలుపులోంచి తీసుకుపోతుంటే, కాగితం సంచి పట్టుకున్న అతని తల్లి వెనక వరసలోంచి లేచింది.

కారు దగ్గర నెడ్రా తన చీటీ చదవలేదని వాపోతే ఓపల్ నవ్వింది. "నీ చీటీయా? నీ రాత నేను గుర్తుపట్టనా? ఇవ్వలేదే. చించి పారేశా."

"ఏంటీ?"

"ఇస్తే వకీళ్లు హార్లన్‌ని బోనులోనే నిలబెట్టి రేపటిదాకా సాగదీసేవాళ్లు. ఇవాళ చర్చిలో చేపల విందు కదా, వేయించేది నేనాయె! అయినా ఆ టోబిన్ మొహం చూస్తే వాడే చేశాడని తెలీడం లేదూ?"

"నా జన్మలో నేను అడిగింది అదొక్కటే, ఓపల్."

"అబ్బ, ఊరుకోవే. కారెక్కు."

నమ్మి చేతికిస్తే గొంతు కోసింది, అదీ నవ్వుతూ. ఆ గొంతు తనది కాదు, టోబిన్‌ది. నెడ్రా కారెక్కకుండా వెనక్కి పరుగెత్తింది. కోర్టు హాలు తలుపు మూసేశారు. ఎంత బాదినా ఎవరూ పలకలేదు.

వసారాలో బల్ల మీద టోబిన్ తల్లి మరిచిపోయిన కాగితం సంచి ఉంది. అందులో, కొడుకు విడుదలై ఇంటికి వచ్చేటప్పుడు వేసుకుంటాడని తెచ్చిన జీన్సు ప్యాంటు, దాని మీద కొత్త లేసులు కట్టిన పాత బూట్లు.