వీపు మీద బురద లేని సైనికుడు

బురద పూయడంలో బోర్డులాయనకి ఒక పద్ధతి ఉంది. ముందు బొమ్మని కవాతుకి వెళ్ళేవాడిలా ముస్తాబు చేస్తాడు. బొమ్మ బొటనవేలంత ఉంటుంది. దానికి ఆకుపచ్చ చొక్కా, చొక్కా మడతల్లో ముదురు రంగు, బెల్టు, బూట్ల తాళ్ళు, భూతద్దం పెడితేగాని కనపడని గుండీలు. ఆపైన ఒక పూత వార్నిష్. అది ఆరాక మట్టిరంగు పొడి నీళ్ళలో కలిపి ఆ ముస్తాబునంతా చేజేతులా పాడుచేస్తాడు. బూట్ల దగ్గర ముద్దగా, తడి మెరుపుతో. మోకాళ్ళ దగ్గర పలచగా. పైకి పోయేకొద్దీ ఎండి తెల్లబారినట్టు.

పగలంతా కొట్లకి బోర్డులు రాస్తాడు గనక అతన్ని అందరూ బోర్డులాయనే అంటారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, వంటింటి పక్కనున్న బల్ల ముందు కూచున్నాడంటే ఇల్లు కూలినా లేవడు.

“నేను ఉతికి ఉతికి చేతులు అరగదీసుకుంటుంటే మీరు తీరిగ్గా కూచుని బట్టలకి బురద పూస్తారు,” అంటుంది భార్య.

పైగా, ఎలాగూ బురద కిందికి పోయే గుండీలకి అంత కష్టం దేనికని ఆమె సందేహం. కింద బట్ట లేకపోతే అది ఉత్త మట్టిముద్దే గాని మనిషికి అంటిన బురదలా ఉండదని అతను చెబుతాడు. దేవుడు మాత్రం మనిషిని ముందు శుభ్రంగానే చేసి పంపలేదా అని కూడా ఒకసారి అన్నాడు. మరి తర్వాత బురద పూసేదెవరని ఆమె అడిగింది. అతను వంగి ఇంకో బూటుకి మట్టి అద్దాడు.

ఈసారి బొమ్మలు తన సరదాకి కాదు. మాజీ సైనికుల సంఘం వాళ్ళు, తాము ఒకప్పుడు బాంబుల మధ్య, వానలో దాటిన బురదనేలని బొమ్మలతో చేసిపెట్టమన్నారు. తమ హాల్లో పెట్టుకుంటారట. అలా దాటినవాళ్ళలో బావ కూడా ఉన్నాడు. బావంటే అక్క మొగుడు. నలుగురిలో ఉంటే నవ్వించకుండా ఉండలేని మనిషి. అలాంటివాడు ఆ హాలు గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. పాత స్నేహితులు ఇంటికొస్తే పెరటి దారిన జారుకుంటాడు. వాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారని, ఆ రోజుల గురించి మాట్లాడుకోడానికి చివరికి ఈయనకి తోడే ఉండదని అక్క బెంగ. ఈ బొమ్మల వంకతోనైనా ఆయన్ని ఆ హాలు మెట్లెక్కించమని తమ్ముణ్ణి బతిమాలింది.

ఒక ఆదివారం బావని వెంటబెట్టుకొచ్చింది. అసలు సంగతి చెబితే రాడు గనక, తమ్ముడి బల్ల కాలు ఊగుతోంది, బిగించాలని చెప్పింది. బావ స్క్రూడ్రైవరు పట్టుకుని బల్ల కిందికి దూరాడు. బల్ల కాలు బండలా ఉంది. ఇదేం చోద్యమనుకుంటూ పైకి లేచేసరికి ముఖానికి ఎదురుగా వరసలో సైనికులు.

ఆడవాళ్ళిద్దరూ గుమ్మంలోంచి చూస్తున్నారు. బావ వెళ్ళిపోలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు.

“మా దళంలో ఇంత పొట్టివాళ్ళు లేరు బావమరిదీ,” అన్నాడు.

తర్వాత ఒక్కొక్కణ్ణే చూశాడు. బూట్ల దగ్గర తడి బాగా కుదిరిందన్నాడు. చివరివాడి దగ్గర ఆగిపోయాడు. నడుం వంచి, నేల చూస్తూ నడుస్తున్న బొమ్మ అది. మిగతావాళ్ళలాగే వాడికీ ముందూ వెనకా బురద.

“వీడి వీపు తప్పు,” అన్నాడు.

బోర్డులాయన వంగి చూశాడు. బాంబులకి ఎగిసిన మట్టి ఎక్కడెక్కడ పడుతుందో ఆలోచించి మరీ పూశానని నసిగాడు. బావ బల్ల మీదున్న పుల్లకి చుట్టిన దూదిని నీళ్ళలో ముంచి బొమ్మ వీపు మీద మెల్లగా రాశాడు. అయ్యో అనబోయిన మరదలి చెయ్యి అక్క గట్టిగా పట్టుకుంది. బురద కరిగి, భుజాల నుంచి నడుం దాకా ఆకుపచ్చ చొక్కా బయటపడింది, మడతలతో సహా, కుట్టుతో సహా. చుట్టూ బురద మాత్రం అలాగే ఉంది.

“వీడి వీపు మీద ఇంకో మనిషి ఉన్నాడు,” అన్నాడు బావ. “అవతలి గట్టుదాకా మోశాడు. పడాల్సిందంతా ఆ మనిషి మీదే పడింది.”

అక్క అడిగింది.

“బతికాడా?”

“దించేసరికి లేడు. దారిలో ఎక్కడ పోయాడో తెలీదు. నేను మాట్లాడుతూనే ఉన్నా. వచ్చేశాం, ఇంకొంచెం ఓపిక పట్టరా అని.” దూదిపుల్ల కింద పెట్టాడు. “గట్టెక్కాక అందరూ శభాషని నా వీపు తట్టారు. ఇప్పటికీ కనపడితే అదే తడతారు. శవాన్ని మోసినందుకా శభాషు?”

ఇన్నేళ్ళ కాపురంలో అక్క ఈ మాట వినడం ఇదే మొదలు. ఎన్ని చొక్కాలు ఉతికిందో, ఈ చొక్కా సంగతి ఆమెకి తెలియలేదు.

బోర్డులాయన భక్తిపరుడే. కానీ గట్టు చేరేదాకా దేవుడు ఆ మనిషి ప్రాణం ఎందుకు నిలపలేదో అతనికి తెలియదు.

“ఎక్కడ పోయాడో నీకు తెలీదన్నావు బావా,” అన్నాడు. “అయితే నీ మాటలు ఎక్కడిదాకా విన్నాడో కూడా తెలీదుగా. గట్టుదాకా విన్నాడేమో.”

బావ బొమ్మని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఈ వీపు ఇలాగే ఉంచగలవా?”

ఉంచుతానని, కావాలంటే వీపు మీద ఆ రెండో మనిషిని కూడా చేసి పెడతానని బోర్డులాయన అన్నాడు. వద్దన్నాడు బావ. వీపు చాలన్నాడు.

బొమ్మలు అప్పజెప్పే రోజున ఎవరూ పిలవకుండానే బావ వచ్చి కూచున్నాడు. అట్టపెట్టెలో దూది పరిచి అందర్నీ సర్దారు. ఆ ఒక్కణ్ణి పెట్టనివ్వలేదు, వీపుకి దూది రాసుకుంటుందని. వార్నిష్ ఆరిపోయింది, ఇక ఏమీ కాదని చెప్పినా వినలేదు. అరచేతిలో బోర్లా పడుకోబెట్టుకుని, రోడ్డు మీద ఎవరూ తగలకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. అక్క రెండడుగులు వెనకగా వచ్చింది.

మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎక్కాడు. తలుపు దగ్గర పాత స్నేహితుడొకడు కర్ర పక్కన పెట్టి మరీ ఎదురొచ్చాడు. అలవాటుగా వీపు తట్టబోయాడు. బావ పక్కకి తప్పుకుని అరచెయ్యి చాపాడు.

“కళ్ళజోడు పెట్టుకో,” అన్నాడు. “ముందు వీణ్ణి చూడు.”