దారి గీసినవాడు

విల్లాసోలా ఊరి సైకిల్ సంఘంలో పాతకాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. వసంతంలో చేసే పెద్ద సవారీకి ఆ ఏడు దారి ఎవరు గీస్తే, వాళ్ళు అందరికన్నా వెనక రావాలి. టైరులో గాలి పోయినవాళ్ళనీ, మోకాలు పట్టేసినవాళ్ళనీ, కాఫీకి ఆగి కబుర్లలో పడ్డవాళ్ళనీ కూడగట్టుకుని రావడం వాళ్ళ వంతు. దారి బాగుంటే మెచ్చుకోళ్ళు ముందే సాగిపోతాయి. బాగోకపోతే తిట్లన్నీ వెనకవాడి చెవిన పడతాయి.

ఆ ఏడు వెనకవాడు ఎర్మేస్. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. భార్య నొరీనా పోయి మూడేళ్ళయింది. చివరి చలికాలంలో ఆవిడ సైకిలెక్కలేకపోయింది. ఆయన ఒక్కడే అలా తిరిగొచ్చి, ఏ కాలువ గట్టున వెళ్ళిందీ, ఏ ఊరి మీదుగా వచ్చిందీ మంచం పక్కన కూర్చుని చెప్పేవాడు. ఆవిడ కళ్ళు మూసుకునే వినేది. "ఆ మలుపు దాటగానే కుక్క ఉంటుందిగా, అది అరిచిందా?" అని మధ్యలో అడిగేది. ఆ దారులన్నీ ముక్కముక్కగా కలిపి కుట్టిందే ఈసారి ఆయన గీసిన దారి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పాత సవారీ పెద్ద రోడ్డు మీదే సాగేది. తిన్ననైన రోడ్డు, రెండు వైపులా గోదాములు, మోచేతిని రాసుకుపోయే లారీలు. ఎర్మేస్ దారి దాన్ని ఎక్కడా తాకదు. పో అనే పెద్ద నది కరకట్ట మీద నడిచి, పొంపొనెస్కో ఊరి చౌకు దాటి, కాలువల పక్కన మెలికలు తిరుగుతూ మధ్యాహ్నానికి సబ్బియోనెతా పట్నం కోటగోడల్లోకి చేరుతుంది. సంఘం అధ్యక్షుడు అల్వేస్‌కి అది నచ్చలేదు. ట్రాక్టర్ల దుకాణం అతనిది. బడిలో ఎర్మేస్‌తో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. అంచేత ఎంత మాటైనా అనేవాడు. అది కొంగలు కూడా విసుగుపుట్టి లేచిపోయే దారి అన్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది. సబ్బియోనెతా చౌకులో ఏ దారి కావాలో అందరూ చేతులెత్తి చెప్పాలి. ఓడితే పెద్ద రోడ్డే ఖాయం. ఎర్మేస్ మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు.

ఆ ఆదివారం అరవై మంది దాకా పోగయ్యారు. బెర్గమో కొండల నుంచి ఒక సంఘం అతిథులుగా వచ్చింది. వాళ్ళ నాయకురాలు ఒరియానా. పిక్కలు తాడు పేనినట్టున్న మనిషి. నేల ఇంత చదునుగా ఉంటే తొక్కడమెందుకు, వెనకనుంచి ఒకళ్ళు తోస్తే చాలదా అని నవ్వింది.

"సాయంత్రం గాలి లేస్తుందమ్మా. మా కొండ అదే. కాకపోతే దానికి శిఖరం ఉండదు," అన్నాడు ఎర్మేస్.

కరకట్ట మీద మంచు ఇంకా విడలేదు. కింద నది ఉన్నట్టు చప్పుడే తప్ప ఆనవాలు లేదు. రంగురంగుల చొక్కాలు ఒక్కొక్కటే తెల్లదనంలో కలిసిపోయాయి. ఆయన పక్కన దీర్చే అనే ఆవిడ ఒక్కతే మిగిలింది. మందుల షాపు కూతురికి అప్పగించి, ఇప్పుడు సైకిలుకి బుట్ట కట్టుకు తిరుగుతున్న పెద్దావిడ. గట్టు పక్కన లేత తీగచిగుళ్ళు కనబడితే చాలు, దిగి తుంచుకునేది. గుడ్లలో వేసి అట్టు పోస్తే వీటిని మించింది లేదంటుంది. ఎర్మేస్ తొందరపెట్టలేదు. ఆవిడ వంగిన ప్రతిసారీ మంచు కాస్త పల్చబడి, పోప్లర్ చెట్లు వరసలు కట్టి బయటపడుతూ వచ్చాయి.

పొంపొనెస్కో చౌకులో కాఫీ దుకాణం పిల్ల, అందరూ ఎప్పుడో దాటిపోయారని చెప్పింది. కొండవాళ్ళు స్తంభాల వరండాల కింద నిలబడి నోళ్ళు తెరుచుకు చూశారట. ఎర్మేస్ ఛాతీ కొంచెం పొంగింది. కాఫీ కూడా ఆ రోజు చిక్కగా ఉన్నట్టనిపించింది.

ఊరు దాటి కాలువ చీలిక దగ్గరికి వచ్చేసరికి ఆ పొంగు కాస్తా దిగిపోయింది. వారం కిందట తను సున్నంతో కుడివైపు గీసిన బాణం మీదుగా ఏదో ట్రాక్టరు బురద ఈడ్చుకుపోయింది. బాణం తోక కూడా కనబడడం లేదు. ఎడమవైపు మాత్రం తళతళలాడే కొత్త బాణం ఉంది. తడి మట్టిలో చక్రాల జాడలన్నీ అటే వెళ్ళాయి.

ఎడమవైపు దారి పోయి పోయి పెద్ద రోడ్డులోనే పడుతుంది. అరవై మంది లారీల మధ్య నిలబడి తనని తిట్టుకుంటున్నట్టు ఆయన కళ్ళకి కట్టింది. తప్పించాలనుకున్న రోడ్డుకే తన దారి చేర్చిందని అల్వేస్ చచ్చేదాకా చెప్పుకుంటాడు. ఎర్మేస్ పెడళ్ళ మీద లేచి నిలబడి తొక్కాడు. కొంత దూరం పోయాక రోడ్డు మీద అడ్డంగా బారెడేసి అక్షరాలు కనబడ్డాయి: ఎదీనో, ఇంకా టైముంది, వెనక్కి తిరుగు.

వెనకే రొప్పుతూ వచ్చిన దీర్చే అది చదివి, సైకిలు ఆపి మరీ నవ్వింది.

"ఇదా సంగతి. ఇవాళ బొర్దీనీ వాళ్ళమ్మాయి పెళ్ళి మాస్టారూ. పెళ్ళికొడుకు ఎదీనో స్నేహితులు రాత్రి బకెట్లు పట్టుకుని బయల్దేరుంటారు."

ఎర్మేస్‌కి అప్పుడు తట్టింది. ఆ చుట్టుపక్కల ప్రతి పెళ్ళికీ జరిగేదే. వరుడు వధువు ఇల్లు తెలియక దారి తప్పుతాడేమోనని స్నేహితులు రోడ్డంతా బాణాలు గీస్తారు, మధ్యమధ్య వెక్కిరింతలు రాస్తారు. తన పెళ్ళికీ రాశారు. సొంతూరి ఆచారం తెలిసుండీ, ఆ ఆదివారం పెళ్ళేమన్నా ఉందా అని ఒక్కరినైనా అడగలేదు.

బొర్దీనీ వాళ్ళ పశువులశాల గోడ పొడవునా సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. వాకిట్లో కోట్లు తొడుక్కున్న చుట్టాల మధ్య రంగు చొక్కాలవాళ్ళు సలామీ మాంసం ముక్కలూ, బాదం పొడి రొట్టెలూ పట్టుకుని తిరుగుతున్నారు. పెళ్ళి పొద్దున వధువు గుమ్మం తొక్కినవాణ్ణి తినిపించకుండా పంపరు. వధువు తండ్రి డెల్మో ఎదురొచ్చి మాస్టారి చేతిలో ఎర్ర వైను గ్లాసు పెట్టాడు. ఒకప్పుడు ఆయన క్లాసులో వెనకబెంచీలో నిద్రపోయినవాడు. అల్వేస్ అప్పటికే హ్యాండిలుకి తెల్ల రిబ్బను కట్టేసుకున్నాడు.

"ఏరా, నీ దారిలో పెళ్ళివిందు కూడా పెట్టించావా? ముందే చెబితే కోటు వేసుకొచ్చేవాణ్ణిగా."

ఒరియానా కూడా వచ్చింది. తమ కొండల్లో ఎన్ని సవారీలు చేసినా ఇలాంటి మర్యాద చూడలేదంది. రోడ్డు మీద రాసింది తమకోసమేననుకుని పడిపడి నవ్వుకున్నారట. ఊరుకుంటే సరిపోయేది. ఆ మెప్పు అలాగే చెల్లిపోయేది. ఎర్మేస్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇది నా దారి కాదమ్మా. మీరంతా తప్పిపోయారు. నా బాణం బురద కింద ఉంది."

ఒక్క క్షణం అందరూ నమలడం ఆపారు. తరవాత లేచిన నవ్వుకి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. అల్వేస్‌కి మహదానందమైంది. ఇక్కడే చేతులెత్తించేసి, పక్కనే ఉన్న పెద్ద రోడ్డు మీదుగా హాయిగా పోదామన్నాడు. అప్పుడు డెల్మో తల గోక్కుంటూ, తమ పశువులశాల వెనక గేటు దాటితే పాత కాలువ గట్టు ఉందనీ, అది సబ్బియోనెతా దాకా పోతుందనీ, మాస్టారికి తెలియకపోదనీ అన్నాడు.

తెలుసు. నొరీనాతో ఎన్నిసార్లు వెళ్ళాడో. డెల్మో తాత ఉన్నప్పుడు ఆ గేటు తీసే ఉండేది. దారి గీసేటప్పుడు ఆయన చెయ్యి ఆ గట్టు దగ్గర చాలాసేపు ఆగింది కూడా.

"తెలుసు బాబూ. నీ వాకిట్లోంచి పోవాలి కదా. అంతమందిని తోలుకొస్తానని అడగడానికి మొహమాటపడ్డాను."

"మీరడిగితే కాదంటానా మాస్టారూ? పరీక్షలో నన్ను ఫెయిల్ చేసేటప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు?" అని డెల్మో స్వయంగా వెళ్ళి గేటు గొళ్ళెం లాగాడు. తుప్పు పట్టిన గొళ్ళెం కీచుమంది.

సవారీకి వచ్చినవాళ్ళలో ఆ గట్టు తెలిసినవాడు ఆయన ఒక్కడే. వెనక ఉండాల్సినవాడు ముందుకెళ్ళక తప్పలేదు. ఆయన తటపటాయిస్తుంటే, వెనక సంగతి తాను చూసుకుంటానంది దీర్చే. ఎలాగూ ఆకు కోసుకుంటూ వస్తుందట.

ఎర్మేస్ ముందు నడిచాడు. మొదట్లో వెనక కబుర్లు, నవ్వులు, గంటల మోత. ఒక పక్క లేత గోధుమ, ఒక పక్క నీళ్ళు. కప్పలు ఒక్కసారి నోరు మూసి, చక్రాలు పోగానే మళ్ళీ అందుకున్నాయి. క్రమంగా కబుర్లు సన్నగిల్లాయి. ఇక మిగిలింది గొలుసుల సన్నటి చప్పుడు. అంతమంది తన వెనక ఒకే లయలో తొక్కుతున్నారు. ఎర్మేస్ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కళ్ళు తడిసినట్టు తెలిసిపోతుందని భయం.

గోధుమచేల మీద కోటగోడ ఎర్రగా తేలింది. ఒరియానా పక్కకొచ్చింది.

"ఇంకెంత దూరం ఉందండీ?"

"అలసిపోయావామ్మా? వచ్చేశాం, అదుగో గోడ."

"అలుపు కాదు. అప్పుడే అయిపోతోందేమోనని."

ఎర్మేస్ కాస్త నెమ్మదిగా తొక్కాడు, అంతే.

చౌకులో రాజప్రాసాదం మెట్లెక్కి అల్వేస్, పెద్ద రోడ్డు కావాలన్నవాళ్ళని చేతులెత్తమన్నాడు. తన చెయ్యే సగం దాకా లేచి, మెడ గోక్కుని కిందికి దిగింది. ఇంకో చెయ్యి లేవలేదు. రెండోసారి ఎర్మేస్ దారికి అడిగినప్పుడు బెర్గమోవాళ్ళు కూడా చేతులెత్తారు. వాళ్ళకి ఓటు లేదు, దించమన్నాడు అల్వేస్. వాళ్ళు రెండో చెయ్యి కూడా ఎత్తారు.

"సరేరా, గెలిచావు. వచ్చే ఏడు కూడా డెల్మో వాకిట్లోంచే. కానీ ఏటా పెళ్ళెక్కణ్ణుంచి తెస్తావు?"

"నీకు మళ్ళీ చేద్దాంలే," అంది దీర్చే.

సైకిళ్ళు గోడలకి ఆనించి అందరూ నీడకి చేరారు. ఎక్కడినుంచో కారులో వచ్చిన జంట ఒకటి, ఈ చదును నేలలో చూడ్డానికేమన్నా ఉందా అని అడుగుతుంటే, అల్వేస్ వాళ్ళని పట్టుకున్నాడు. మా దారి అంటూ మొదలుపెట్టాడు. నది, చౌకు, కాలువ గట్టు, కప్పలు, లారీ ఒక్కటంటే ఒక్కటి కనబడకపోవడం, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. కోట కట్టించిన ప్రభువు కాలాన్ని ఏకంగా రెండు వందల ఏళ్ళు వెనక్కి జరిపేశాడు.

జీవితమంతా ఆ తేదీలు దిద్దుతూ బతికిన ఎర్మేస్ రెండడుగుల దూరంలో నిలబడి విన్నాడు. ఒక్క ముక్క కూడా దిద్దలేదు.