నాలుగో తాడు

రథం తిరిగే రోజున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: పొయ్యి దగ్గర తల్లి లలిత, గడప పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న నాయనమ్మ పోచమ్మ, ఎవరి కంటా పడకుండా డాబా మెట్ల మీద ముడుచుకుని కూర్చున్న కూతురు ఋతుజ. పండగనాడు కూడా బీడీలేంటని కోడలు గొణిగితే, "చేతులు ఊకె ఉండయి, నేనేం జేయాలె" అంది ముసలామె. తండ్రి దత్తాత్రి తెల్లారగానే తలపాగా చుట్టుకుని వెళ్ళిపోయాడు. మార్కండేయుడి రథం ముందు సాగే బండి మీద మగ్గం నేసే వంతు ఈ ఏడు ఆయనది. అన్న వీరేష్ మాత్రం ఇంట్లో ఉన్నాడో లేడో చెప్పలేం. కిందికీ మీదికీ తిరుగుతూనే ఉన్నాడు.

ఇక డాబా మీద ఒక ఇనుప పెట్టె. దాన్నీ మనిషి కిందే లెక్కేయాలి. ఆ రోజు ఇంటిల్లిపాదీ దానికి భయపడే నడుచుకున్నారు.

సోలాపూర్ దాజీ పేట్‌లో రథం మలుపు తిరిగే చౌక్‌కి నాలుగు మూలలా నాలుగు డాబాలు ఎంచి, ఒక్కోదాని మీద అలాంటి పెట్టె ఒకటి దించారు పుణె నుంచి వచ్చిన కెమెరా వాళ్ళు. పెట్టెలో మోటారు, మోటారుకు తాడు చుట్టిన డోలు. తాడు చిటికెన వేలంత సన్నం. అది డాబా అంచున నిలిపిన స్తంభం మీది కప్పీ ఎక్కి చౌక్ మీదికి పోతుంది. నాలుగు తాళ్ళూ కలిసేచోట, జనం తలల మీద, కెమెరా వేలాడుతుంది. ఒక తాడు లాగితే ఇంకోటి వదులుతుంది. కింద వ్యానులో కూర్చున్న మనిషి జాయ్‌స్టిక్ కదిలిస్తే కెమెరా గద్దలా జారిపోతుంది. పొద్దున రిహార్సల్‌లో అది ఒక్కసారి కిందికి దిగివస్తే, వీధిలో ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకున్నారు.

వీరేష్ ఆశలన్నీ ఆ తాళ్ళకే వేలాడుతున్నాయి. పవర్‌లూమ్ కార్ఖానా మూతపడ్డాక అతను ఈ కెమెరా వాళ్ళ వెంట పడి, క్రికెట్ మైదానాల్లో, మీటింగుల్లో పెట్టెలు మోశాడు. సోలాపూర్ పని సాఫీగా అయితే తమతో పుణె తీసుకుపోయి, కెమెరా నడపడం నేర్పిస్తానని వాళ్ళ పెద్ద వినాయక్ మాటిచ్చాడు. నాలుగో డాబా దొరక్కపోతే తమ ఇల్లే ఇప్పించిందీ వీరేషే. కాపలాకు మనిషి తక్కువైతే చెల్లెలి పేరు చెప్పిందీ వీరేషే.

"ఋతూ, తాడు జోలికి ఎవల్నీ రానియ్యకు. నువ్వు గూడ ముట్టకు. ఏమన్న గడ్‌బడ్ అనిపిస్తే లగేచ్, ఆ నిమిషంలనే, దీంట్ల చెప్పు" అని వాకీటాకీ చేతికిచ్చాడు. "ఏదీ, ఒక్కపారి అను. నాలుగు ఓకే."

ఋతుజ పదో తరగతి దాకా నారాయణపేట దగ్గరి పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. తెలుగు బళ్ళో చదివింది. మరాఠీ అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. తిరిగే తెలుగుకు కూడా కొత్తవాళ్ళ ముందు గొంతు పెగలదు. మీట నొక్కి గాలి ఊదినట్టు "నాలుగు ఓకే" అంది. వెంటనే ఆ డబ్బాలోంచి ఎవడో ఆ గొంతునే అనుకరిస్తూ సన్నగా "నాలుగు ఓకే" అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. వీరేష్ కూడా కొంచెం నవ్వి కిందికి దిగిపోయాడు. ఆ పిల్ల చెవుల దాకా ఎర్రబడి, వాకీటాకీని గోడ మీద బోర్లించి పెట్టింది.

రథం ఇంకా దూరంగా ఉందని మోటార్లు ఆపి, అందరూ వడాపావ్‌లు తినడానికి పోయారు. అప్పుడు చూసింది ఋతుజ. కప్పీకీ పెట్టెకీ మధ్య జానెడు మేర తాడు మీద నూగు లేచి ఉంది. పొద్దుటి రాపిడికి పైపోగులు చిట్లి పిల్లి మీసాల్లా నిక్కాయి.

నేసేవాళ్ళింట పుట్టిన పిల్లకు నూగు అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పడుగులో ఒక పోగుకు నూగు లేస్తే పక్క పోగును పట్టుకుంటుంది, రెండూ తెగుతాయి. ఇక్కడ తెగితే కెమెరా పోయి జనం నెత్తిన పడుతుంది. దాని కింద మగ్గం బండి మీద నాన్న ఉంటాడు.

వాకీటాకీని తిప్పి చేతిలోకి తీసుకుంది. మీట మీద బొటనవేలు పెట్టింది. లోపల ఎవరో ఏదో జోకు చెప్పుకుంటున్నారు. తను మాట్లాడితే అది వాళ్ళందరికీ వినపడుతుంది. మాట ఏ భాషలో మొదలుపెట్టాలో కూడా తేలలేదు. వేలు తీసేసి కిందికి పరిగెత్తింది.

"నాయనమ్మా, తాడుకు నూగు లేసింది."

"లేస్తే గంజి పెట్టు" అంది పోచమ్మ, బీడీకి దారం చుడుతూనే. "గంత తెల్వదా. పొయ్యికాడ వార్చిన గంజి ఉన్నది, సల్లారింది గూడ. నా పాత కుంచె అటక మీదుంటది, తీస్కో."

"అన్న ముట్టొద్దన్నడు."

"వానికేం ఎర్క పోరీ. మగ్గమంటే మూతి తిప్పిండు, వీనికి నూగంటే తెలుస్తదా. నడు, నడు."

ఋతుజ నాయనమ్మ పెళ్ళినాటి కుంచెతో, చిన్నప్పుడు చూసిన పద్ధతిలోనే గంజి పెట్టింది. ఒకే దిక్కుకు దువ్వుతూ, పోగులన్నీ లొంగి తాడును అంటుకునేదాకా దువ్వింది. ఆ జానెడే చాలనుకున్న చేయి ఆగక పెట్టె దాకా పూసింది. తాడు నున్నగా మెరిసింది. ఆ క్షణాన ఆమెకు ఎంత నెమ్మది కలిగిందో చెప్పలేం. ఒక్క మాట మాట్లాడకుండా నాన్నను కాపాడుకున్నాననుకుంది.

తాషా డప్పులు దగ్గరపడ్డాయి. మోటార్లు గుర్రుమన్నాయి. లలిత ఫోన్‌లో లైవ్ పెట్టుకుని డాబా మీదికి వచ్చింది. "అగో, మీ నాయన తలపాగ" అంటూ తెర కూతురి వైపు తిప్పింది. పైనుంచి చూస్తే మగ్గం బండి అగ్గిపెట్టెంత, అందులో కాషాయం చుక్క. కెమెరా ఆ చుక్క వైపు దిగుతోంది.

గంజి తాగిన తాడు డోలు మీద చుట్టుకుంది, చుట్టు మీద చుట్టు అతుక్కుంది. వదలాల్సిన వేళకు వదల్లేదు. పెట్టె ఒక్కసారి ముక్కి ఊరుకుంది. ఒకటి మొరాయిస్తే ప్రమాదమని మిగతా మూడూ వాటంతటవే ఆగిపోయాయి. కెమెరా ఒక పక్కకు ఒరిగి, రథం కలశానికి అడ్డంగా, దిగకుండా ఎక్కకుండా వేలాడింది. రథం ఆపేశారు. తాషాలు ఆగాయి. ఫోన్‌లో బొమ్మ మారిపోయి, ఎక్కడో గుడి ముందున్న పెద్దమనుషులు కనిపించారు.

వినాయక్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. వెనకే వీరేష్, ఇంకో ఇద్దరు. వినాయక్ తాడు తడిమి, జిగురైన వేలు ఎత్తి చూపించాడు. "హే కాయ్ ఆహే?" అన్నాడు. ఇదేంటని.

వీరేష్ వాసన చూడనక్కర్లేకపోయింది. చెల్లెలి చేతిలోని కుంచె చూశాడు.  "గంజి, సార్" అన్నాడు మెల్లగా. "నూగు... మావాళ్ళు దారానికి పెడతారు."

వినాయక్‌కు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు, నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. "కొత్త తాడు చుట్ట వ్యాన్‌లో పడి ఉంది. ఒక్క మాట చెబితే మార్చేవాళ్ళం" అన్నాడు హిందీలో. తరువాత వీరేష్ వేసుకున్న కంపెనీ జాకెట్ భుజం పట్టి కొంచెం లాగాడు. "ఇది ఇచ్చెయ్. మీకు మగ్గమే మేలు."

వీరేష్ ఆ జాకెట్ విప్పి, మడతపెట్టి మరీ ఇచ్చాడు.

తాడు కోసి, కెమెరా దించి, రథం కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. పెట్టె ఎత్తుకుపోయాక డాబా మీద నూనె మరక మిగిలింది. అందరూ కిందికి దిగారు.

"గంజి పెట్టుమని ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నాడు వీరేష్.

ఋతుజ నాయనమ్మ వైపు చూసింది. పోచమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. "నా దిక్కు జూస్తదేంది, నేను మీదికెక్కిన్నా? తెల్వని పోరిని కావలి పెట్టినోంది తప్పు."

"పొద్దుగాల్నించి సూద్దమని గూసున్న" అంది లలిత ఎవరితోనూ కాదన్నట్టు. "తలపాగ ఒక్కటే కనబడ్డది."

"వాకీ ఇచ్చిన గద ఋతూ" అన్నాడు వీరేష్. కోపంగా అన్నా బాగుండేది. బతిమాలినట్టు అన్నాడు. "ఒక్క మీట. ఎందుకు చెప్పలే?"

ఋతుజ కుంచెకు అంటిన గంజిని గోటితో గీకసాగింది.   వీధిలో ఎవడో కుర్రాడు "ఓ గంజి దాదా" అని కేకేసి పోయాడు. వాళ్ళ డాబా సంగతి అప్పుడే పేటంతా పాకింది. వీరేష్ లోపలి గదిలోకి వెళ్ళి, పుణె కోసం సర్దుకున్న సంచీలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద వేయసాగాడు.

ఋతుజ గది గుమ్మం దాకా వెళ్ళింది. ఎన్నడూ లేంది, ఆమె గొంతులో మాట పూర్తిగా తయారైంది.

"వాళ్ళు నవ్విన్రన్నా" అంది. పైకే అంది. "పొద్దుగాల నేను మాట్లాడితే నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవ్. అందుకే..."

వీరేష్ చేతిలో చొక్కాతోనే లేచి వచ్చాడు. ఆమె చెప్పేది వింటాడనే అనుకుంది.

"ఇప్పుడు మంచిగ మాట్లాడుతున్నవ్" అన్నాడు, తలుపు వేసేశాడు.