కోళ్ళ కొట్టంలో కాపురం

కోర్టులో గెలిచినవాడు దిగులుగా తిరగడం వెర్లిన్ గ్రోటె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు తనే అలా తిరుగుతున్నాడు.

మిస్సోరి నది ఏటికేడాది కాస్త కాస్త జరిగితే రాష్ట్రాల సరిహద్దూ దానితోపాటు జరుగుతుంది. ఒక్క వరదలో గెంతితే మాత్రం సరిహద్దు పాతచోటే ఉండిపోతుంది. చట్టం అలా రాశారు మహానుభావులు. వెర్లిన్ పొలం దగ్గర నది గెంతిందని నెబ్రాస్కా, మెల్లగా జరిగిందని అయోవా ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. జరిగిందని తేలితే అతని నెబ్రాస్కా పట్టా చిత్తు కాగితమే. అందుకే బోనెక్కి, చిన్నప్పుడు కళ్ళారా చూసింది ఉన్నదున్నట్టు చెప్పాడు. గెంతిందనే వాషింగ్టన్ పెద్ద కోర్టు తేల్చింది. పొలం దక్కింది.

ఇల్లు నెబ్రాస్కాదైంది. కానీ అది నదికి అయోవా వైపునే ఉండడంతో కూతురు లవోన్ చదివేది అయోవా స్కూల్లో. ఆ స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఆమె అవతలివాళ్ళ బంతిని గోడలా అడ్డుకునే గార్డు. జట్టు రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. అయోవాలో ఆడపిల్లల ఆటంటే ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసుకుని బయల్దేరతాయి. నెబ్రాస్కా స్కూల్లో ఆడపిల్లలకు జట్టే లేదు. లవోన్‌కు ఇదే ఆఖరి ఏడు.

"అయోవాలో కాపురమున్న పిల్లలే ఆడాలని రూలు. కుటుంబం రాత్రిళ్ళు అక్కడ పడుకుంటే చాలు," అన్నాడు కోచ్.

సర్వేవాళ్ళు పాతిన సరిహద్దు మేకులకు అవతల, అయోవాలో, వెర్లిన్‌కు మిగిలింది కోళ్ళ కొట్టం ఒక్కటే. కోళ్ళను ట్రాక్టరు షెడ్డుకు తోలి, సున్నం కొట్టి, పొయ్యి పెట్టి, మూడు మంచాలు వేశాడు.

"ఇల్లు మనదేనని ఊరూవాడా ఏకం చేశావు. ఇప్పుడేమో ఇక్కడ ఉండట్లేదంటావు. ఇంతకీ మనం ఎక్కడోళ్ళమయ్యా?" అంది భార్య ఆర్డిస్.

"నన్నడిగితే నేనెవర్నడగను?" అన్నాడు వెర్లిన్. నిజంగానే అతనికి తెలియలేదు.

వారం తిరక్కుండానే అతనికి రొమ్ము పట్టేసింది. దగ్గు ఆగక కళ్ళు తేలేస్తుంటే లవోనే దుప్పట్లు చుట్టి ఇంట్లోకి మోసుకొచ్చింది. మర్నాడే అయోవా స్కూళ్ళ సంఘం నుంచి బ్యూయెల్ అనే అతను తనిఖీకి దిగాడు. కొట్టమంతా చూశాడు. నవ్వలేదు.

"రాత్రి ఎక్కడ పడుకున్నావమ్మా?"

వెర్లిన్ కూతురి వైపు చూశాడు. ఒక్క మాట. అయోవా అంటే సరిపోతుంది.

"ఇంట్లోనండీ. నాన్నకి ఒంట్లో బాగోలేదు," అంది లవోన్.

బ్యూయెల్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఒక్క మాట అనలేకపోయావటే!" అని వెర్లిన్ అరిచాడు. అరిచాక సిగ్గేసింది. పిల్లను మెచ్చుకోవాలో తిట్టాలో, తను గెలిచాడో ఓడాడో ఏమీ పాలుపోలేదు.

జట్టులోంచి లవోన్ పేరు కొట్టేశారు. పోటీ రోజు వంటింట్లో రేడియో మోగుతోంది. అతను కట్టేయబోయాడు.

"ఉంచు నాన్నా. మనవాళ్ళు," అంది లవోన్ గిన్నె తోముతూ.

అవతలి పిల్ల బంతితో దూసుకొస్తోందని రేడియోలో గొంతు పెరిగింది. లవోన్ చేతిలోంచి గిన్నె జారింది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, పక్కకు రెండడుగులు వేసింది. ఎదుట ఎవరూ లేరు. బంతి బుట్టలో పడిందని రేడియో కేక పెట్టింది.

"నేనుంటే పడనిచ్చేదాన్ని కాదు," అంది లవోన్, తండ్రి వైపు చూడకుండా.

వెర్లిన్ వంగి గిన్నె తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకు నిలబడ్డాడు.