విమానం ఎవరి చేతిలో ఉంది?

రెండు విమాన కంపెనీలు ఒకటవుతున్నాయని పేపర్లో వచ్చిన రోజున రెండు కంపెనీల పైలట్లూ అన్నది ఒకే మాట: "వాళ్ళొచ్చి మనలో కలుస్తున్నారు." ఎవరిలో ఎవరు కలుస్తున్నారో తేలకముందే తగువు మొదలైంది. ఒక కంపెనీవి రెక్కల కింద గొట్టాల్లాంటి ఇంజన్లున్న జెట్ విమానాలు. రెండోదానివి రెక్కకో ఫ్యాను గిర్రున తిరిగే చిన్న విమానాలు. జెట్లవాళ్ళు అవతలివాళ్ళని ‘ఫ్యాన్లోళ్ళు’ అన్నారు. వాళ్ళు మాత్రం ఊరుకుంటారా, వీళ్ళకి ‘గొట్టాలోళ్ళు’ అని పేరు పెట్టారు. అందరూ చదువుకున్నవాళ్ళే, ఇస్త్రీ మడత నలగని చొక్కాలవాళ్ళే.

ఈ రెండు తెగల మధ్యా ఇరుక్కున్న మనిషి పంతులమ్మ. సిమ్యులేటర్లో ఆమె ముందు కూర్చుని చెమటలు కక్కిన పైలట్లు చాటుగా పెట్టుకున్న పేరది. సిమ్యులేటర్ అంటే ఓ పెద్ద హాల్లో ఇనప కాళ్ళమీద నిలబడి ఊగే ఉత్తుత్తి కాక్‌పిట్టు. లోపల కూర్చున్నవాడికి మాత్రం మబ్బూ గాలీ వణుకూ అన్నీ నిజమే. పైలట్లని అందులో కూర్చోబెట్టి ముప్పుతిప్పలు పెట్టి, పనికొస్తారనుకుంటే సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం.

గొట్టాల యూనియన్ నాయకుడు ఆమె మొగుడు. ఫ్యాన్ల యూనియన్ నాయకుడు ఆమె సొంత తమ్ముడు. మొగుడి కూడు తింటోంది కాబట్టి అటే మొగ్గుతుందని ఫ్యాన్లవాళ్ళు, పుట్టింటి మమకారం ఎక్కడికి పోతుందని గొట్టాలవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆమె తన జీతంతో తన కూడు తానే తింటోందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

రెండు యూనియన్ల చర్చలూ ఓ హోటల్ మేడమీద, చలికి వేళ్ళు కొంకర్లు పోయేంత ఏసీ గదిలో జరిగేవి. పైలట్ల విశ్రాంతి గదిలో కిటికీ పక్క సోఫా ఎవరిదో తేల్చడానికి ఉపసంఘం వేశారు. టోపీ మీద బ్యాడ్జి ఎంత ఉండాలన్నదాని మీద ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అవన్నీ ఎలాగో గట్టెక్కాయి గానీ, ఒక్క విషయం దగ్గర బండి మొరాయించింది. అది విమానం చేతులు మారే పద్ధతి.

కాక్‌పిట్టులో ఇద్దరుంటారు, నడిపేది ఒక్కరే. మధ్యలో రెండోవారికి అప్పగించాలంటే నోటితో చెప్పాలి. గొట్టాలవాళ్ళలో ఇచ్చేవాడు ముందు ‘నీ కంట్రోల్’ అంటాడు, అప్పుడు రెండోవాడు అందుకుంటాడు. ఫ్యాన్లవాళ్ళలో అందుకునేవాడే ముందు ‘నా కంట్రోల్’ అంటాడు, అప్పుడు మొదటివాడు వదులుతాడు. ఎవరింట్లో వాళ్ళకి రెండూ మంచి పద్ధతులే. ఒక్క కాక్‌పిట్టులో రెండూ ఉంటేనే ప్రమాదం.

"ఏదో ఒకటి ఒప్పుకోండి. నాకు ఏదైనా ఒకటే" అని పంతులమ్మ ఇంట్లో మొగుడికీ, ఫోన్లో తమ్ముడికీ చెప్పిచెప్పి విసిగిపోయింది. వాళ్ళు ఒప్పుకోలేదు సరికదా, ఒప్పందం కుదిరేదాకా అవతలి కంపెనీ మాట మనవాళ్ళ నోట రాకూడదని చెరో హుకుం జారీ చేశారు. వస్తే లొంగిపోయినట్టేనట.

ఇంతలో కంపెనీల్ని కలిపే పని చూస్తున్న డైరెక్టరు ఆమెని తన గదికి పిలిచాడు. మనిషి నవ్వుతూనే ఉంటాడు, ఎందుకో ఎవరికీ తెలీదు.

"మొదటి ఉమ్మడి జోడీగా నాయకులిద్దర్నీ కూర్చోబెడదామమ్మా. ఫొటో బ్రహ్మాండంగా ఉంటుంది. మీరు ఓ సంతకం పడేశారంటే, కలిసిన కంపెనీకి ట్రైనింగ్ హెడ్డు మీరే."

ఆ కుర్చీ మీద ఆమెకి ఆశ లేదంటే అబద్ధం. చాలా ఉంది. పాప పుట్టాక ఎగరడం ఆపి, ఆ ఇనప కాళ్ళ డబ్బాలో వెనక సీట్లో నడుం పడిపోయేలా కూర్చున్నది ఆ కుర్చీని కళ్ళముందు పెట్టుకునే.

పరీక్ష రోజున మొగుడు ఎడమ సీట్లో, తమ్ముడు కుడి సీట్లో కూర్చున్నారు. నడుపుతున్నది తమ్ముడు. ఇద్దరి మధ్యా మర్యాద పొంగిపొర్లుతోంది. వెనక నుంచి పంతులమ్మ మబ్బు దట్టంగా కమ్మించింది, నేల దగ్గరికి తెచ్చింది, ఓ బటన్ నొక్కి తమ్ముడి ముందున్న స్క్రీన్లు ఆర్పేసింది.

"నా స్క్రీన్లు పోయాయి" అన్నాడు తమ్ముడు, బావ వంక చూస్తూ.

"నావి బాగానే ఉన్నాయి" అన్నాడు మొగుడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"అయితే చెప్పండి బావా."

"నేనేం చెప్పను? నడుపుతున్నది నువ్వు. నువ్వు చెప్పు."

"అందుకోవాల్సింది మీరు కదా!"

"ఇవ్వాల్సింది నువ్వు కదా!"

చెప్పాల్సిన మాట ఇద్దరికీ తెలుసు. నాలుక చివరిదాకా వచ్చి ఆగిందని పంతులమ్మకి వాళ్ళ మెడలు చూస్తేనే అర్థమైంది. తమ్ముడు నెమ్మదిగా చేతులు తీసేసి కట్టుకున్నాడు. ఎడమ రెక్క వాలింది. యంత్రం గొంతు చించుకుని ‘పైకి లేపు, పైకి లేపు’ అని అరుస్తోంది.

"చర్చల్లో ఉన్న అంశం గురించి ఇక్కడ మాట్లాడటం పద్ధతి కాదు" అన్నాడు మొగుడు.

"నేనూ అదే అంటున్నాను" అన్నాడు తమ్ముడు.

డబ్బా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అద్దాల నిండా ఎరుపు.

"విమానం ఎవరి చేతిలో ఉంది?" అని అడిగింది పంతులమ్మ. ఇద్దరూ ఒకరినొకరు వేలుపెట్టి చూపించుకున్నారు.

"ఇద్దరూ ఫెయిల్."

"అక్కా, పరాచికాలా?"

"దీని గురించి ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు మొగుడు, గొంతు తగ్గించి.

"ఇంట్లో మీరు నా మొగుడు. ఇక్కడ మీరు నిండు విమానాన్ని నేలకేసి కొట్టిన కెప్టెన్. లేవండి."

ఆ సాయంత్రం హోటల్ గదిలో అద్భుతం జరిగింది. సోఫా తేల్చుకోడానిక్కూడా ఉపసంఘం కావాల్సొచ్చిన రెండు యూనియన్లూ టీ చల్లారేలోగా ఏకమయ్యాయి. ట్రైనర్‌ని తీసేయాలని గొట్టాల నాయకుడు ప్రతిపాదిస్తే, ఫ్యాన్ల నాయకుడు బలపరిచాడు. కారణం: కుటుంబ పక్షపాతం. మొగుణ్ణీ తమ్ముణ్ణీ కలిపి ఫెయిల్ చేసినదాని పక్షపాతం ఎవరివైపో అడిగినవాడు లేడు. చప్పట్లు మోగాయి. తొలి ఉమ్మడి తీర్మానం కదా అని డైరెక్టరు మురిసిపోయి, నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

పంతులమ్మ ఇంట్లో కూర్చుంది. ఏడవలేదు గానీ ఒళ్ళు మండిపోయింది. మొగుడు గదిలోకొస్తే ఆమె ఇంకో గదిలోకి వెళ్ళేది.

ఆమె బదులు ఓ మెత్తటి మనిషిని వేశారు. ఆయన నాయకులిద్దర్నీ మళ్ళీ కూర్చోబెట్టాడు, విమానం మళ్ళీ నేలకి తగిలింది. ఆయన కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాడే. కానీ ఈసారి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వెనకే కూర్చున్నాడు. ఒక్క పద్ధతి నేర్చుకునేదాకా, పాత ట్రైనరు మళ్ళీ చూసి సరేననేదాకా ఉమ్మడి జోడీ ఏదీ ఎగరదని చెప్పి దిగిపోయాడు. కలవాల్సిన కంపెనీ ఎక్కడికక్కడ నిలిచిపోయింది. ఆమెని వెనక్కి పిలుద్దామంటే ఉమ్మడి తీర్మానం అడ్డం. దాన్ని రద్దు చేయాల్సింది మళ్ళీ ఆ ఇద్దరే.

సెలవు రోజు మధ్యాహ్నం తమ్ముడు ఇంటికొచ్చాడు. వరండాలో మొగుడు పాపని భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. మేనమామని చూసి పాప చేతులు చాచింది.

"పట్టుకున్నావా?" అన్నాడు మొగుడు.

"పట్టుకున్నా బావా, వదలండి."

"జాగ్రత్త. వదులుతున్నా."

గుమ్మంలో నిలబడి చూస్తున్న పంతులమ్మ అంది: "ఇది ఎవరి పద్ధతి? గొట్టాలదా, ఫ్యాన్లదా?"

"పాప కదక్కా" అని నీళ్ళు నమిలాడు తమ్ముడు.

"మీ వెనక బెల్టు పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఎవరి పాపలూ కారా?"

మొగుడు గొంతు సవరించుకున్నాడు.

"సరే, ఇదే నేర్పు. అడగడం, అందుకోవడం, వదలడం. రెండువైపులా మేం ఒప్పిస్తాం."

"నన్ను తీసేశారుగా. ముందు ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి."

"తప్పకుండా" అన్నారిద్దరూ ఒకేసారి.

"ఎవరు ముందు?"

తమ్ముడు బావ వంక చూశాడు. బావ బావమరిది వంక చూశాడు.

"వాళ్ళు ఓ మాట ప్రకటిస్తే, మావాళ్ళు వెంటనే..." అన్నాడు మొగుడు.

"ముందు ప్రతిపాదించింది మీరు కదా బావా."

"బలపరిచింది నువ్వు కాదూ?"

మాటల ఊపులో తమ్ముడి చేయి కాస్త జారింది. మొగుడు చప్పున చేయి వేశాడు. తమ్ముడు వదల్లేదు, మొగుడు లాక్కోలేదు. ఇద్దరి మధ్యా వేలాడుతున్న పాప బుంగమూతి పెట్టి ఏడుపు లంకించుకుంది. వాళ్ళింకా ఎవరు ముందన్నదే మాట్లాడుకుంటున్నారు.

పంతులమ్మ గుమ్మం దాటి వచ్చి పాప చంకల కింద రెండు చేతులూ గట్టిగా వేసింది.

"నేను పట్టుకున్నా. ఇక వదలండి."

ఇద్దరూ వదిలారు. ఆమె పాపని ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. ముందు తలుపు ఎవరు తట్టాలన్నదాని మీద వరండాలో చర్చలు మొదలయ్యాయి.